జనవరి 26కి సెలవులు కలుపుకోవడం: రాయగడలో మా ఇంటి పద్ధతి

జనవరి 25న రైలెక్కాలనుకునేవాళ్లు నవంబరు 26 ఉదయం ఎనిమిదికల్లా ఫోను పట్టుకుని కూర్చోవాలి. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. ప్రయాణం రోజును వదిలేసి వెనక్కి లెక్కపెడితే జనవరి 25కి నవంబరు 26 వస్తుంది, జనవరి 26కి నవంబరు 27 వస్తుంది. రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజునే, అది అమల్లోకి వచ్చిన రోజు సెలవుల టికెట్లు మొదలవుతాయి. ఈ లెక్క నాకు చాలా ఇష్టం. ప్లాను ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంకెవరూ గుర్తు చేయక్కర్లేదు.

నవంబరు 26 సెలవు కాదు. ఆ రోజు బడిలో ప్రార్థన దగ్గర పిల్లలందరితో రాజ్యాంగ పీఠిక చదివిస్తాం. 1949లో రాజ్యాంగ సభ ఆమోద ముద్ర వేసింది ఆ తేదీనే. 2015 నుంచి రాజ్యాంగ దినోత్సవంగా జరుపుతున్నాం. సెలవు వచ్చేది రెండు నెలల తర్వాత. 1930 జనవరి 26న దేశమంతా పూర్ణ స్వరాజ్య దినం పాటించింది. ఆ తేదీ నిలిచిపోవాలని రాజ్యాంగాన్ని 1950 జనవరి 26 నుంచి పూర్తిగా అమల్లోకి తెచ్చారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న రెండు నెలలే మనకు సెలవులు సర్దుకునే సమయం.

నేను ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయగడలో ఒడియా మీడియం బడిలో టీచర్ని. పిల్లలు గురుమా అంటారు. మా ఆయన మిల్లులో షిఫ్టు పని చేస్తారు. అమ్మాయి విశాఖలో చదువుకుంటోంది. అత్తయ్య, మావయ్య, బావగారి కుటుంబం పార్వతీపురం దగ్గర పల్లెలో ఉంటారు. మరిది వాళ్లు హైదరాబాద్‌లో. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో చాలావాటి పరిస్థితి దాదాపు ఇదే. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు వాళ్లకీ ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి.

మూడు కేలెండర్లు పక్కపక్కన పెట్టండి

మా ఇంటి గోడకు మూడు కేలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి ఒడిశా ప్రభుత్వ సెలవులది, నా బడి కోసం. రెండోది మిల్లు షిఫ్టుల చార్టు. మూడోది తెలుగు పంచాంగం కేలెండరు, అత్తవారి ఊరి కోసం, అమ్మాయి కాలేజీ కోసం. డిసెంబరులో కొత్త ఏడాదివి రాగానే మూడింటినీ నేల మీద పరిచి, మూడింట్లోనూ ఎర్రగా ఉన్న తేదీలకు సున్నా చుడతాను.

ఆ తేదీలు ఎంత తక్కువో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆంధ్రలో పెద్ద పండుగకు బడులు వారం పైన మూసేస్తారు. ఒడిశాలో మకర సంక్రాంతికి అన్ని రోజులు ఉండవు. ఇక్కడ జూన్‌లో రజొ పండుగ ఉంటుంది, పార్వతీపురంలో దాని పేరే తెలియదు. ఇక్కడ కొత్త బియ్యం పండుగ నువాఖాయికి సెలవిస్తారు, అక్కడ ఆ రోజు మామూలు పనిరోజు. వినాయక చవితి లాంటివి కలిసినా మిల్లు చార్టులో అవి మా ఆయన పేరు దగ్గర సెలవుగా పడతాయన్న నమ్మకం లేదు. అటూ ఇటూ కచ్చితంగా కలిసేవి మూడే మూడు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. ఏ రాష్ట్రమైనా, ఏ మతమైనా, ఏ ఉద్యోగమైనా ఈ మూడూ జాతీయ సెలవులే. సరిహద్దులో బతికే కుటుంబం మొత్తం ఒకేసారి కూర్చోగలిగేది ఆ రోజుల్లోనే. అందుకే వీటిని ఊరికే పోనివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

మూడింట్లో జనవరిదే మేలు. ఆగస్టు 15కి వానలు, ఊళ్లో నాట్ల పని, కొండ దారుల్లో ప్రయాణం కష్టం. అక్టోబరు 2 దసరాకు దగ్గరగా వస్తుంది, అందరి చేతుల్లో డబ్బూ సెలవులూ దసరాకే పోతాయి. ఆ రోజు మా రాయగడ జిల్లా పుట్టినరోజు కూడా, 1992లో కొరాపుట్ నుంచి విడదీసింది ఆ తేదీనే. కాబట్టి ఇక్కడ హడావుడి ఇంకొంచెం ఎక్కువ. జనవరి చివరికి మాత్రం నూర్పులు అయిపోయి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది. వాన భయం లేదు. చలి ఉంటుంది గానీ దుప్పటి కప్పుకుని కబుర్లు చెప్పుకునే చలి అది. సంక్రాంతికి రాలేకపోయామన్న బాధ కూడా ఆ వారంలో తీరుతుంది. మా అత్తయ్య అరిసెల్లో ఒక డబ్బా మా కోసం తీసి పెడుతుంది.

ఒడిశా వాళ్లకు దొరికే అదనపు రోజు

జనవరి 23 ఒడిశాలో సెలవు. నేతాజీ కటక్‌లో పుట్టింది 1897లో ఆ రోజే. సంబల్‌పుర్ వీరుడు సురేంద్ర సాయి పుట్టిన రోజూ అదే. ఆంధ్రలో, తెలంగాణలో, మహారాష్ట్రలో ఈ సెలవు లేదు. కాబట్టి సిరొంచ వైపు, కిన్వట్ వైపు ఉన్న తెలుగువాళ్లు ఈ ఒక్క రోజును తమ లెక్కలోంచి తీసేసుకోవాలి. మిగతాదంతా వాళ్లకీ వర్తిస్తుంది.

23కీ 26కీ మధ్య రెండే రోజులు. ఆ రెండు రోజులు ఏ వారాలు అన్నదాని మీదే మన సెలవుల ఖర్చు ఆధారపడుతుంది. 2026లో 23 శుక్రవారం, 26 సోమవారం. నాలుగో శనివారం సెలవైన వాళ్లకు నాలుగు రోజులు పూర్తిగా కలిసొచ్చాయి. పైగా ఆ శుక్రవారమే వసంత పంచమి, బడిలో సరస్వతీ పూజ అయ్యాక ఊరికి బయలుదేరినవాళ్లు ఆదివారం రథసప్తమికి అరసవిల్లి కూడా చూసి రాగలిగారు. అలాంటి ఏడాది మళ్లీ మళ్లీ రాదు.

2027లో 23 శనివారం, 26 మంగళవారం. ఆ శనివారం నాలుగో శనివారం కూడా, అంటే బ్యాంకులో పనిచేసే బంధువులు ఏ రాష్ట్రంలో ఉన్నా ఖాళీగా ఉంటారు. సోమవారం ఒక్క సెలవు పెడితే నాలుగు రోజులు. 2027లో ఆగస్టు 15 ఆదివారం నాడు, అక్టోబరు 2 శనివారం నాడు వస్తున్నాయి. సెలవు పెట్టి లాభపడేది జనవరిలోనే. ఆ ఏడాది సీఎల్ (క్యాజువల్ లీవు) ఒకటి ఇక్కడ ఖర్చు చేయడానికి వెనకాడొద్దు.

2028లో 26 బుధవారం. 23 ఆదివారంలో కలిసిపోయింది కాబట్టి ఒడిశా వాళ్లకు అదనపు రోజు పోయినట్టే. సోమ, మంగళ రెండు రోజులు పెట్టుకుంటే ఆదివారం నుంచి బుధవారం దాకా వస్తాయి. ముందు 22 నాలుగో శనివారం, అది సెలవైన వాళ్లకు అయిదు రోజులు. 2029 మాత్రం చాలా మంచి ఏడాది. 23 మంగళవారం, 26 శుక్రవారం, ఆ వెంటనే నాలుగో శనివారం, ఆదివారం. మధ్యలో బుధ, గురువారాలు పెట్టుకోగలిగితే ఒడిశాలో ఆరు రోజులు దొరుకుతాయి. పెళ్లిచూపులో, గృహప్రవేశమో, ఇంటి పంపకాల మాటలో, అందరూ ఉండి తేల్చుకోవాల్సిన పని ఏదైనా ఉంటే ఆ ఏడాదికి పెట్టుకోండి.

25వ తేదీ దగ్గర జాగ్రత్త

లెక్క చూస్తే 25న సెలవు పెట్టడం చాలా సులువుగా కనిపిస్తుంది. కానీ ప్రభుత్వ ఉద్యోగులకు, ముఖ్యంగా టీచర్లకు అది దొరకడం కష్టమైన రోజు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. ఎన్నికల సంఘం 1950లో ఆ రోజున ఏర్పడింది, 2011 నుంచి ఆ తేదీని ఇలా జరుపుతున్నారు. బీఎల్‌వో (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) బాధ్యత ఉన్న టీచర్లు ఆ రోజు ప్రతిజ్ఞ చేయించాలి, కొత్త ఓటర్లకు కార్డులు ఇచ్చే కార్యక్రమం చూసుకోవాలి. దానికి తోడు కవాతు రిహార్సల్. మీ పిల్లలు గానీ, మీ స్కౌట్ల జట్టు గానీ పెరేడ్‌లో ఉంటే 24, 25 రెండూ మైదానంలోనే గడుస్తాయి.

కాబట్టి సెలవు చీటీ రాసే ముందు ఈ ప్రశ్నలు అడుక్కోండి. ఈ ఏడాది నేను బీఎల్‌వోనా? మా బడి నుంచి పెరేడ్‌కి జట్టు వెళ్తోందా? సాంస్కృతిక కార్యక్రమం బాధ్యత ఎవరిది? వీటిలో ఏ ఒక్కదానికి అవును అని వచ్చినా 25ను వదిలేసి, సెలవును 27 వైపుకి జరపండి. 26 పొద్దున జెండా వందనం చూసుకుని మధ్యాహ్నం బండెక్కితే, 27న సెలవు పెట్టి 28న తిరిగి రావచ్చు. వెళ్లిన చోట ఒకటిన్నర రోజే దక్కుతుంది గానీ మనసుకి టెన్షన్ ఉండదు. రిహార్సల్‌కి డుమ్మా కొట్టిన టీచరు ఊళ్లో ఉన్నా ఫోను చూసుకుంటూనే ఉంటుంది.

జెండా వందనాన్ని తప్పించుకుని సెలవు కలుపుకోవడం నాకు అసలు నచ్చదు. టీచర్లకు ఎలాగూ హాజరు తప్పనిసరి, ఆ మాట వేరే. ఉద్యోగం లేనివాళ్లకు కూడా నేను చెప్పేది అదే. ఏ ఊళ్లో ఉన్నా సరే, ఆ పొద్దున పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని బడి దగ్గరికో పంచాయతీ ఆఫీసు దగ్గరికో వెళ్లండి. అరగంట పని. సెలవు వచ్చిందే దాని కోసం.

సీఎల్ పెట్టాలా, ఈఎల్ పెట్టాలా

చాలామంది ఇక్కడ నష్టపోతారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సీఎల్‌కి మధ్యలో వచ్చే ఆదివారాలు, పండుగ సెలవులు లెక్కలోకి రావు. శనివారం ఒకటి, సోమవారం ఒకటి సీఎల్ పెడితే పోయేది రెండే, మధ్య ఆదివారం పోదు. ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు) అలా కాదు. మొదలైన రోజు నుంచి ముగిసే రోజు దాకా మధ్యలో ఏది వచ్చినా ఖాతాలోంచి పోతుంది. అయితే ముందూ వెనకా ఉన్న సెలవులను అనుమతి తీసుకుని కలుపుకోవచ్చు, అవి పోవు. కాబట్టి రెండు మూడు రోజుల పనికి సీఎల్, వారం దాటే పనికి ఈఎల్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి సీఎల్‌లు 8. మిగిలినవి తర్వాతి ఏడాదికి రావు, జనవరిలో మళ్లీ నిండు ఖాతాతో మొదలవుతుంది. సంవత్సరం మొదట్లోనే ఒకటి వాడుకోవడానికి భయపడేవాళ్లను చూస్తాను. నవంబరు, డిసెంబరుల్లో అందరూ మిగిలినవి ఖర్చు పెట్టేయడానికి పోటీ పడతారు, అప్పుడు దొరకవు. జనవరిలో అడిగేవాళ్లు తక్కువ.

ప్రైవేటు కంపెనీల్లో కొన్నిచోట్ల శాండ్‌విచ్ పద్ధతి ఉంటుంది. సెలవుకు అటూ ఇటూ లీవు పెడితే మధ్య సెలవు కూడా లీవు కిందే కోస్తారు. మీ కంపెనీ రూలు పుస్తకంలో ఆ పేరా ఉందో లేదో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, నోటిమాట మీద వెళ్లొద్దు. ఉంటే ఒక వైపే లీవు పెట్టుకోండి.

సరిహద్దు ఊళ్ల ఉద్యోగులు మరిచిపోయే ఇంకో విషయం, స్టేషన్ లీవ్ పర్మిషన్. పార్వతీపురం మనకు పక్క ఊరే. ఆఫీసు కాగితాల్లో మాత్రం అది వేరే రాష్ట్రం. సెలవు రోజుల్లో వెళ్తున్నా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్తున్నట్టు రాసి ఉంచుకోవడం మంచిది. నేను చీటీ ఒడియాలోనే రాస్తాను, విషయం మాత్రం ఇలా ఉంటుంది:

ప్రధానోపాధ్యాయుల వారికి. 2027 జనవరి 25 సోమవారం ఒక రోజు సీఎల్ మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. దానికి ముందున్న 23, 24 సెలవులను కలుపుకుని, 23 మధ్యాహ్నం నుంచి 25 రాత్రి వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి పార్వతీపురం వెళ్లడానికి అనుమతి ఇవ్వగలరు. 26 ఉదయం జెండా వందనానికి హాజరవుతాను. సోమవారం నా తరగతులు తీసుకోవడానికి తోటి టీచరు ఒప్పుకున్నారు. ఫోనులో అందుబాటులో ఉంటాను.

చివరి మూడు వాక్యాలే సెలవు ఇప్పిస్తాయి. ఏ హెడ్‌మాస్టరుకైనా మొదట వచ్చే భయం 26న ఎవరు వస్తారు అని. ఆ భయం మనమే ముందుగా తీర్చాలి. చీటీని డిసెంబరు మూడో వారంలో ఇచ్చి, సంతకం పడిన కాపీకి ఫోటో తీసి పెట్టుకోండి.

మిల్లు, షాపు, డ్రైవరు ఉద్యోగాలు

ఆగకుండా నడిచే మిల్లులో 26న కూడా షిఫ్టు ఉంటుంది. యంత్రం ఆగదు కాబట్టి ఎవరో ఒకరు ఉండాలి. కానీ ఫ్యాక్టరీ కార్మికులకు ఆ మూడు జాతీయ సెలవులూ జీతంతో ఇవ్వాలని చట్టం ఉంది. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు కూలి గానీ, మామూలు కూలితో పాటు బదులు ఇంకో రోజు సెలవు గానీ రావాలి. ఏది తీసుకుంటారో ముందే చెప్పేయండి. ఇంటికి డబ్బు అవసరం లేని నెల అయితే బదులు సెలవే తీసుకోమంటాను. దాన్ని ఆ వారంలోనే వాడుకునేలా రాయించుకోవాలి, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు.

షిఫ్టు మార్చుకోవడానికి మా ఆయన పద్ధతి చెప్తాను, చాలా బాగా పనిచేస్తుంది. తోటి ఒడియా వాళ్లకు జూన్‌లో రజొకి ఊరు వెళ్లాలని ఉంటుంది. కలాహండి, బలంగీర్ వైపు వాళ్లకు వినాయక చవితి మర్నాడు నువాఖాయికి ఇంట్లో ఉండి తీరాలి. ఆ రెండు పండుగలకు మా ఆయన అడగకుండానే వాళ్ల షిఫ్టు చేస్తారు. జనవరిలో వాళ్లు మాకోసం నిలబడతారు. "మీరు వెళ్లండి భాయీ, ఇక్కడ నేను చూసుకుంటా" అన్న మాట జూన్‌లో అంటే, జనవరిలో బతిమాలాల్సిన పని ఉండదు. బడిలో నాకూ ఇంతే. మార్గశిర గురువారాల్లో మాణబసా (లక్ష్మీ పూజ) చేసుకునే తోటి టీచర్ల మొదటి పీరియడ్ నేను తీసుకుంటాను. నా సోమవారం తరగతులు వాళ్లు సంతోషంగా తీసుకుంటారు.

మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ షాపులో కుర్రాడికి, మీరు మాట్లాడుకున్న కారు డ్రైవరుకు కూడా అది సెలవు రోజే. మనం ఊరు వెళ్తున్నాం కాబట్టి ఎలాగూ పని లేదు అనుకుని ఊరుకోవద్దు. 26 సెలవు అని, ఆ రోజు కూలి పోదని నోటితో చెప్పండి. డ్రైవరు బండి తీసి తీరాలంటే రెట్టింపు ఇవ్వండి.

ప్రయాణం

రాయగడ నుంచి పార్వతీపురానికి రిజర్వేషన్ అక్కర్లేదు. ప్యాసింజర్ రైలు ఉంది, కొమరాడ మీదుగా రోడ్డు ఉంది. జిమిడిపేట, కూనేరు దాటుతుంటే కిటికీ పక్కన కొండలు చూస్తూ వెళ్లొచ్చు. టికెట్ కష్టం దూరం నుంచి వచ్చేవాళ్లకే. 2027లో మా మరిది వాళ్లు జనవరి 22 శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరాలంటే నవంబరు 23న బుక్ చేయాలి, 26న తిరుగు ప్రయాణానికి నవంబరు 27న. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. అరవై రోజులు లెక్కపెట్టేది రైలు మొదటి స్టేషన్‌లో కదిలే తేదీ నుంచి. ముందు రోజు ఎక్కడో బయలుదేరి మన స్టేషన్‌కి మర్నాడు వచ్చే రైలైతే ఒక రోజు ముందే తెరుచుకుంటుంది.

సమతా, హీరాఖండ్ లాంటి రైళ్లలో ఆ వారం స్లీపర్ త్వరగా అయిపోతుంది. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆన్‌లైన్ తత్కాల్‌కి ఇప్పుడు ఆధార్ జత చేసిన ఖాతా ఉండాలి, ఆ పని నవంబరులోనే చేసి ఉంచుకోండి. అమ్మాయిని విశాఖ నుంచి మేం నేరుగా పార్వతీపురం రమ్మంటాం, రాయగడ దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లడం ఎందుకు. ఆమెకు 23న కాలేజీ ఉంటుంది కాబట్టి సాయంత్రం రైలు.

దేవమాలి, అరకు, గుప్తేశ్వర్ గురించి అడుగుతుంటారు. అందమైన చోట్లే. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, చలికాలం పొద్దున అక్కడ నిలబడటం గొప్పగా ఉంటుంది. కానీ ఆ వారం వద్దు. కొండ దారంతా కార్లే. ఫిబ్రవరిలో మామూలు ఆదివారం వెళ్లండి.

నాలుగు రోజులు ఎలా గడపాలి

పిల్లలున్న ఇంట్లో ఈ నాలుగు తేదీలు చేతికి అందిన పాఠం లాంటివి. నేను ఒక్కో రోజు రాత్రి అన్నాలయ్యాక ఒక్కో సంగతి చెప్తాను. 23న నేతాజీ, సురేంద్ర సాయి. 24న రాజ్యాంగం మీద సంతకాలు. 1950 జనవరి 24న 284 మంది సభ్యులు సంతకం చేశారు, జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించింది కూడా ఆ రోజే. ఆ సభలో పదిహేను మంది ఆడవాళ్లు ఉండేవాళ్లు, వాళ్లలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. ముసాయిదా కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యరు నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. మూల ప్రతి అచ్చు వేసింది కాదు, చేత్తో రాసింది, నందలాల్ బోస్, శాంతినికేతన్ చిత్రకారులు బొమ్మలు వేశారు అని చెప్తే పిల్లలు వెంటనే ఫోనులో ఆ పేజీలు చూపించమంటారు. చూపించండి. 25న ఓటు గురించి. పద్దెనిమిది నిండిన పిల్లలు ఇంట్లో ఉంటే ఆ రాత్రే కూర్చోబెట్టి పేరు నమోదు చేయించండి. చదువు కోసం వేరే ఊళ్లో ఉన్న పిల్లలు ఓటు ఎక్కడ పెట్టుకోవాలో మాట్లాడుకునే అవకాశం ఇంతకంటే బాగా దొరకదు.

మా ఇంట్లో ఇంకో మాట కూడా తప్పకుండా వస్తుంది. 1936 మార్చి 31 దాకా ఈ రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేది. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. అయినా మా ఆయన ఇక్కడ ఉద్యోగం చేస్తూ, అమ్మాయి అక్కడ చదువుకుంటూ, ఎవరి దగ్గరా అనుమతి చీటీ తీసుకోకుండా రాకపోకలు సాగిస్తున్నాం. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు 19వ అధికరణంలో ఉన్నాయి. పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందేలా చూడమని 1956లో చేర్చిన 350ఏ రాష్ట్రాలకు చెబుతుంది. ఒడియా బడిలో చదివే తెలుగు పిల్లలకు ఈ రెండు నంబర్లూ నోటికి రావాలని నా కోరిక. మా ఇంట్లో పీఠికను ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో చదువుతాం. మావయ్య తెలుగుది చదువుతారు, అమ్మాయి ఒడియాది.

పెద్దవాళ్లకు ఓపిక ఉంటే 25 సాయంత్రం వాళ్లను కూడా రాయగడ తీసుకొచ్చేయండి. జిల్లా కేంద్రం పెరేడ్ చూస్తారు. ధెంసా నాట్యం వచ్చినప్పుడు మా అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. స్టేడియంలో ఎనిమిదిలోపు చేరితేనే నీడ ఉన్న వైపు చోటు దొరుకుతుంది. పొద్దున చలికి శాలువా, పది దాటాక ఎండకు గొడుగు, రెండూ పట్టుకెళ్లాలి. మజ్జిగౌరమ్మ దర్శనం ఆ రోజు పెట్టుకోకండి, క్యూ చాలా పొడవుంటుంది. 24 ఆదివారం కూడా అంతే. 

చిన్న చిన్న జాగ్రత్తలు

26న బ్యాంకులు, పోస్టాఫీసు ఉండవు. 2027లో 23, 24 కూడా బ్యాంకులు మూసే ఉంటాయి కాబట్టి డబ్బు 22కే తీసుకోండి, పల్లెలో ఏటీఎం ఖాళీ అయిపోతుంది. అటూ ఇటూ మద్యం షాపులు 26న మూసేస్తారు. మందుల షాపులు కొన్ని మధ్యాహ్నానికే కట్టేస్తారు. మావయ్య లాంటి బీపీ, షుగరు ఉన్నవాళ్ల మాత్రలు వారానికి సరిపడా ముందే కొనుక్కోండి.

జెండా ఇంటి మీద పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు. 2002 జెండా నియమావళిని 2022లో మార్చారు, ఇళ్ల మీద రాత్రి కూడా ఉంచవచ్చు. పొడవు, వెడల్పు 3:2 ఉండాలి, కాషాయం పైన ఉండాలి, చిరిగింది ఎగరేయకూడదు. ప్లాస్టిక్‌ది అసలు కొనకండి. పిల్లల చేతిలో కాగితం జెండాలు కార్యక్రమం అవగానే మైదానంలో పడి ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒక సంచీ పట్టుకెళ్లి, మీ చుట్టూ పడినవి ఏరుకుని ఇంటికి తెచ్చేయండి. మా తరగతి పిల్లలకు ఇది మొదటి నుంచీ అలవాటు చేశాను. ఇప్పుడు చెప్పక్కర్లేకుండానే చేస్తున్నారు.

తిరిగి వచ్చాక 27న మొదటి పని, హాజరు పుస్తకంలో 25 దగ్గర సీఎల్ అనే రాశారో లేదో చూసుకోవడం. మిల్లువాళ్లైతే 26 షిఫ్టుకు బదులు సెలవు తేదీ చార్టులో పడిందో లేదో సూపర్‌వైజరు దగ్గర చూసుకుని రావాలి. నెలాఖరులో జీతాల పట్టీ అయిపోయాక దిద్దించడం చాలా కష్టం.